చెక్కబండిలో నీలం తీగ

ఫిబ్రవరి 3

అక్కా,

"బాగున్నావా అని మూడు లైన్లు రాసేకంటే సంగతి రాయరా" అని నువ్వే అంటావు కాబట్టి సంగతే రాస్తున్నాను. బండి కదిలింది. పాత స్కూటరు ముందు సగం, దాని వెనక నేను బిగించిన చెక్క పెట్టె, మొత్తం మూడు చక్రాలు. నిన్న వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. ఎదురింటి పోస్టుమాస్టరు గేటు పట్టుకుని నిలబడి, "బీరువాకి కాళ్ళొచ్చాయేంటి" అన్నాడట. నాకు వినపడలేదు, నీ మరదలు చెప్పింది.

ఎవరి కోసం చేశానో నీకు తెలుసు. మోకాలు అరిగాక నీ మరదలు కొలతలకీ, కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికీ ఇల్లిల్లూ తిరగలేకపోతోంది. అందుకే వెనక పెట్టెలో రెండు అరలు, బట్టలు వేలాడదీసుకోవడానికి ఒక కర్ర కూడా పెట్టాను.

చిక్కల్లా కరెంటుతోనే. చెక్క అయితే ఎక్కడ చీలుతుందో ముట్టుకుంటేనే తెలుస్తుంది. తీగల భాష నాకు రాదు. హారను కొడితే వెనక దీపం మినుకుమంటుంది. బ్రేకు తొక్కితే నువ్వు బాగుచేసి పంపిన కారు రేడియో ఆగిపోతుంది. కుడివైపు తిరిగే దీపం వేస్తే మళ్ళీ పాడుతుంది. అంటే పాట వినాలంటే జీవితాంతం కుడిచేతివైపే తిరుగుతూ ఉండాలి.

ఇంకోటి కూడా అర్థం కావడం లేదు. మూడుసార్లు రమ్మన్నా ఆమె బండెక్కలేదు. అడిగితే ఏదో గొణుగుతుంది. "ఏంటీ" అంటే "ఏం లేదు" అంటుంది. చెక్కబండంటే నామోషీ ఏమో.

ముప్పై ఏళ్ళు రేడియోలు విప్పినదానివి, దారి చెప్పు. ఫోను మాత్రం చెయ్యకు. ఈమధ్య ఫోనులో అందరూ నోట్లో బట్ట పెట్టుకుని మాట్లాడుతున్నారు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 11

ఒరే చిన్నోడా,

నీ ఉత్తరం చదివి షాపులో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మా ఓనరు కళ్ళజోడు పైకెత్తి చూశాడు. ఆయన ఈమధ్య నన్ను ఊరికే చూస్తున్నాడులే. నేను బిగించిన ప్రతిదీ నేను వెళ్ళాక మళ్ళీ విప్పి చూస్తున్నాడని అనుమానం. నా దగ్గర పని నేర్చుకున్నవాడు నన్నే తనిఖీ చేయడమేమిటో. వయసు మీద పడితే లోకువ.

నీ బండికి రోగమేమిటో చెబుతాను. కరెంటు వెళ్ళగానే సరిపోదు, తిరిగి బ్యాటరీకి రావాలి. మామూలు బండి ఇనుముది, ఆ ఇనుమే దానికి తిరుగుదారి. నువ్వు వడ్రంగివి, వెనకంతా చెక్క చేశావు. చెక్కలో కరెంటు నడవదు. దారి దొరక్క నీ కరెంటు ఒక దీపంలో దూరి ఇంకో దీపంలోంచి బయటికొచ్చి, రేడియో గుమ్మం తట్టి, దొరికిన సందులో నడుస్తోంది. బండికి ఎర్తు లేదు, అంతే. ముందు ఎర్తు ఇవ్వు. తక్కినవి వాటంతటవే సర్దుకుంటాయి.

మరదలిని నామోషీ అనకు. ఆమె ఏమందో సరిగ్గా విన్నావా?

నా గదిలో బల్బు మార్చాను, అయినా మసకగానే ఉంది. ఇప్పుడొచ్చే బల్బులన్నీ నాసిరకం.

అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పెరట్లో నడుం లోతు గుంట తవ్వి, ఇంటికి ఎర్తు ఇచ్చినప్పుడు వైరింగు మేస్త్రీ ఎలా చేశాడో గుర్తు తెచ్చుకుని బొగ్గులూ ఉప్పూ పొరలు పొరలుగా పోశాను. రాగి పలక పాతాను. దాన్నుంచి తీగ లాగి బండికి బిగించాను. రెండు రోజుల పని, నడుం పట్టేసింది.

ఇప్పుడు ఒక సందేహం. బండి గుంటకి కట్టేసిన ఎద్దులా ఉంది. తీగ పొడుగు ఎంతో అంతవరకే వెళుతుంది. ఇది ఊళ్ళో ఎలా తిరుగుతుంది?

రాత్రంతా ఆలోచించి, బండి కిందనుంచి ఒక ఇనప గొలుసు వేలాడదీశాను. అది నేలకి తగులుతూ వస్తుంది కదా, ఎక్కడికెళ్ళినా భూమి అందుతుంది. వీధిలో రెండు చక్కర్లు కొట్టాను. జనం తలుపులు తీసి చూశారు. గొలుసు చప్పుడు బాగా వస్తోందట, నాకైతే అంత అనిపించలేదు. హారను కొడితే దీపం ఇంకా మినుకుమంటూనే ఉంది. గొలుసు సన్నదైందంటావా?

నీ మరదలు గుంట గట్టున కూర్చుని చాలాసేపు నవ్వింది. ఎందుకో చెప్పలేదు. చెప్పిందేమో, నేను వినలేదు.

తమ్ముడు


ఫిబ్రవరి 27

చిన్నోడా,

తప్పు నాదే. ముప్పై ఏళ్ళుగా ఎర్తు ఎర్తు అంటూ బతికినదాన్ని, ఆ మాటకి భూమి అని అర్థం ఉందని మర్చిపోయాను. గుంట పూడ్చెయ్. గొలుసు తీసెయ్. బండికి భూమితో పనిలేదు నాయనా. బండిలో ఎర్తు అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి, అంతే.

ఇక మాటలతో కాదు, బొమ్మ గీసి పంపుతున్నాను. ఆదివారమంతా కూర్చుని రంగు పెన్సిళ్ళతో గీశాను. నాలుగు రంగుల తీగలు కొను. బ్యాటరీ నుంచి స్విచ్చులకి ఎరుపు. స్విచ్చుల నుంచి దీపాలకి పసుపు. రేడియోకి కరెంటు తీసుకెళ్ళేది నీలం. అన్నిటి దగ్గరనుంచీ తిరిగొచ్చేది నలుపు. రేడియో వెనక వేలాడేవీ నీలం, నలుపే, రంగుకి రంగు కలుపు. బొమ్మలో ఏ గీత ఎక్కడికి వెళ్ళిందో తీగ అక్కడికే వెళ్ళాలి. నీ తెలివి ఒక్క ముక్క కూడా కలపకు.

గీస్తుంటే కళ్ళు నీళ్ళు కారాయి. పెన్సిళ్ళు కూడా ఈమధ్య నాసిరకమే.

అక్క


మార్చి 9

అక్కా,

రేడియో పోయింది. కాలిపోయింది. వెనక పెట్టెలో అరచేతంత మేర నల్లబడింది, ఆ చెక్క నేను వారం పాటు చిత్రిక పట్టింది.

నువ్వు గీసినదాంట్లోంచి వెంట్రుకవాసి కూడా తప్పలేదు. మా పనిలో గీత గీస్తే కోస్తాం, మాటకి కొయ్యం. దీపాలన్నీ కుదిరాయి. హారను హారనులా మోగిందట. బ్రేకు దీపం బ్రేకుకే వెలిగింది. ఆఖరికి రేడియో బిగించి స్విచ్చు నొక్కాను. అంతే, నల్లతీగ మీది తొడుగు మైనంలా కారింది, రేడియో వెనకనుంచి పొగ. నీ మరదలు గుమ్మంలోంచి ఆపమని అరిచిందట. నేను రెండోసారి కూడా నొక్కాను, వెలగలేదేమో అనుకుని. ఆమె కుంటుకుంటూ వచ్చి బ్యాటరీ తీగ పీకేసింది. వేళ్ళు రెండు కాలాయి. పెద్దగా కాదు, కానీ సూది పట్టుకునే వేళ్ళు అవి.

ఆ సాయంత్రం నుంచి ఆమె నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. బండి వంక చూడటం కూడా లేదు.

బొమ్మ తప్పు గీశావు అక్కా. ఇంకొకరికి గీసేటప్పుడు కాస్త కళ్ళజోడు తుడుచుకుని గియ్యి.

తమ్ముడు


మార్చి 16

చిన్నోడా,

మరదలి వేళ్ళకి ఎలా ఉందో ముందు రాయి.

బొమ్మ తప్పని నువ్వు నాకు చెబుతున్నావా? రేడియోకి కరెంటు నీలం తీగలో వెళ్ళాలని ఉత్తరంలో రాశాను. బొమ్మలోనూ నీలమే గీశాను. అందులో నల్లతీగ కాలిందంటే నువ్వు కరెంటు నల్లదాంట్లో పంపావన్నమాట. రేడియోకి వెళ్ళేదీ వచ్చేదీ తారుమారు చేశావు. పైగా దాని ఇనప పెట్టె స్కూటరు ఇనుముకి తగిలి ఉంటుంది, తీగ కాలక ఏమవుతుంది? ఎర్తు ఇవ్వమంటే గుంట తవ్వినవాడివి, నీలమంటే నలుపు పట్టుకోవడం ఒక వింతా.

ఇన్ని ఉత్తరాలు రాసి చివరికి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఇక్కడ షాపులోనూ ఇదే వరస. నేను బిగించిన మిక్సీ తిరగలేదని ఓనరు నా ముందే విప్పాడు. తల దించుకుని సరిచేశాడు. అతను తిట్టినా బాగుండేది.

అక్క


మార్చి 29

అక్కా,

చెవిటివాడు రాస్తున్నాడు. వేళ్ళు మానాయి.

దీనితో ఒక అట్టముక్క పంపుతున్నాను. నీ మరదలు దానిమీద ఆరు దారాలు కుట్టి, పక్కన అంకెలు వేసింది. బండి సీటుకి కవరు కుడుతుందట. ఒక్కో దారం ఏ రంగో అంకె పక్కన రాసి, నీకు నచ్చింది చెప్పమంది. పగటి వెలుతురులో చూడమంది.

ఉంటాను.

తమ్ముడు


ఏప్రిల్ 5

చిన్నోడా,

ఆ శంఖం మాట రాసి పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి లోపల పెట్టి తీసేద్దామనుకున్నాను. పట్టలేదు. మనసులో పెట్టుకోకు.

మరదలు నన్నడగడం సంతోషంగానే ఉంది గానీ సంగతేమిటో అంతుపట్టలేదు. పాతికేళ్ళ దర్జీపనిలో ఆమెకి రంగుల పేర్లు నేను చెప్పాలా? సరే, కిటికీ దగ్గర కూర్చుని చూశాను. ఒకటి ఎరుపు. రెండు నలుపు. మూడు తెలుపు. నాలుగు ఆకుపచ్చ. ఐదు మళ్ళీ నలుపే, రెండోదే ఇంకోసారి ఎందుకు కుట్టిందో. ఆరు గోధుమ రంగు. సీటుకి ఆకుపచ్చ బాగుంటుంది, మురికి కనపడదు.

అంటే ఆమె ఇక బండెక్కుతుందన్నమాటేనా? కాలిన రేడియో పారేయకు, పార్సిలు చెయ్యి.

అక్క


ఏప్రిల్ 12

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోది.

సీటు కవరు లేదు, ఏమీ లేదు. నిన్ను మోసం చేశాం. నీ బొమ్మా నీ ఉత్తరమూ పక్కపక్కన పెట్టి నీ మరదలే చూసింది. ఉత్తరంలో రేడియోకి నీలం అని ఉంది. బొమ్మలో ఆ గీత నల్లగా ఉంది. తిరిగొచ్చే గీత నీలంగా ఉంది. నేను బొమ్మ పట్టుకున్నాను, నువ్వు మాట పట్టుకున్నావు. "వదిన చెయ్యి తప్పలేదు, కన్ను తప్పింది" అంది. ఆమె దగ్గర ఒకావిడ నీలం జాకెట్టు కుట్టమంటే నల్లది కుట్టావని పోట్లాడిందట. తర్వాత తెలిసింది, ఆవిడ కళ్ళలో శుక్లాలు.

నీ అట్టమీద రెండోది ముదురు నీలం. మూడోది లేత పసుపు. నాలుగోది నీలం. ఐదోది ఊదా.

నిన్ను పట్టుకోవాలని చేసింది కాదు అక్కా. నువ్వు రోజూ కరెంటు ముట్టుకుంటావు. అదీ మా భయం.

తమ్ముడు


ఏప్రిల్ 24

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులో పోట్లాడాను. మూడో రోజు ఆ అట్ట తీసుకెళ్ళి ఓనరు బల్లమీద పెట్టి, ఇవేం రంగులు బాబూ అన్నాను. అతను నువ్వు రాసినట్టే చదివాడు. తర్వాత కళ్ళజోడు తీసి పట్టుకుని కూర్చున్నాడు. "ఎనిమిది నెలల్నుంచీ మీరు బిగించినవి మీరెళ్ళాక విప్పి చూస్తున్నానమ్మా" అన్నాడు. చెప్పలేదేం అన్నాను. "నాకు పని నేర్పింది మీరు. మీతో ఎలా అనేది?" అన్నాడు.

షాపులోవి అతను చూశాడు సరే. ఇళ్ళకెళ్ళి నేనొక్కదాన్నే చేసినవి మూడున్నాయి. ఆ మధ్యాహ్నమే ఇద్దరం బయల్దేరాం. మొదటిది బాగానే ఉంది. రెండోదీ బాగానే ఉంది. మూడోది బడిపంతులమ్మగారి ఇంట్లో నీళ్ళు కాగబెట్టే హీటరు. అతను విప్పి, నా వంక చూడకుండా మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. ఎర్తు తీగ ఉండాల్సిన చోట నేను వేరే తీగ బిగించాను. ఆవిడ, "ముట్టుకుంటే కొంచెం జిల్లుమనేదండీ, కొత్తది కదా అలాగే ఉంటుందనుకున్నాం" అంది. ఆ నీళ్ళతోనే మనవరాలికి స్నానం చేయిస్తుందట.

నేను మెట్లమీద కూర్చుండిపోయాను. ఆవిడ నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నాకు.

ఇక తీగ ముట్టనని ఓనరుతో చెప్పాను. ఇక్కడికి నలభై మైళ్ళలో కంటి ఆసుపత్రి ఉంది. మే పదకొండున ఒక కన్నుకి ఆపరేషను, రెండోది తర్వాత. నీ రేడియో పార్సిలు అందింది. అతను బాగుచేశాడు, పక్కన కూర్చుని నోటితో చెప్పాను. చేతులు ఊరికే ఉండటం ఎంత కష్టమో.

గదిలో బల్బు మంచిదే అయ్యుంటుంది.

అక్క


మే 2

అక్కా,

నీ ఉత్తరం ఆమెకి చదివి వినిపించాను. విని లేచి వెళ్ళి కరెంటు సామాను డబ్బా తెచ్చుకుంది. మర్నాడు నా చేత తీగలన్నీ విప్పించింది. నాలుగు రోజులు నీ ఉత్తరం ముందు పెట్టుకుని, బండి దగ్గర పీట వేసుకుని కూర్చుని వైరింగంతా మొదట్నుంచీ తనే చేసింది. నన్ను స్క్రూలు బిగించడానికి పిలిచి, బిగించాక పంపేసింది. తీగలకి దారాలు చుట్టి ఏదో చేసింది, ఏంటంటే చెప్పలేదు.

ఇప్పుడు వినే మాట విను. నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఈ బండి మీద తనే వస్తుందట. తనే నడుపుతుందట. స్కూటరు చిన్నప్పుడే నేర్చుకుందట. నేనూ వస్తానంటే వద్దంది. ఎందుకంటే మొహం తిప్పుకుంది. మూడు నెలలు బండెక్కనిది ఇప్పుడు ఒక్కతే అంతదూరం వస్తానంటోంది. నామోషీ కాకపోతే మరేంటి? నేనంటే కోపమా? రేడియో కాల్చానని ఇంకా లోపల ఉందా? బండి నాది, భార్య నాది, అక్క నాది, నేను మాత్రం ఇంట్లో ఉండాలి. నాకేమీ అర్థం కావడం లేదు.

పదో తేదీకి నీ దగ్గరుంటుంది. చేరగానే రెండు ముక్కలు రాయండి.

తమ్ముడు


మే 15

చిన్నోడా,

అక్షరాలు పెద్దగా ఉన్నాయని నవ్వకు. ఒక కన్నుకి కట్టు విప్పారు, రాయొచ్చన్నారు. పోస్టుమాస్టరు గారింటికి ఫోనులో చెప్పిన కబురు నీకు తలకిందులుగా అంది ఉంటుందని నా మరదలి భయం. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పదిన ఆమె క్షేమంగా వచ్చింది. రేడియోని షాపు ముందే ఓనరు బిగించాడు. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. సగం దారిలో, చుట్టూ ఇల్లు గానీ చెట్టు గానీ లేనిచోట బండి ఠపీమని ఆగింది. ఇంజను లేదు, హారను లేదు, పాట లేదు. పదకొండు గంటలకి నేను ఆసుపత్రిలో ఉండాలి. లోపల ఏదో తీగ ఊడిందని ఇద్దరికీ తెలుసు. ఆమెకి కిందికి వంగే మోకాలు లేదు, నాకు చూసే కన్ను లేదు. రోడ్డుమీద ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"పడుకుని చెయ్యి పెట్టండి వదినా. కళ్ళతో పనిలేదు, ముళ్ళు లెక్కపెట్టండి" అంది.

బండి కింద వెల్లకిలా పడుకుని చెయ్యి పెట్టాను. ప్రతి తీగకీ కొసన దారంతో ముళ్ళు వేసింది రా. బ్యాటరీ నుంచి వెళ్ళేదానికి ఒకటి. దీపాలకి రెండు. తిరిగొచ్చేవాటికి మూడు. "మూడు ముళ్ళు వేస్తే ఎక్కడికెళ్ళినా తిరిగి రావలసిందే కదా వదినా" అంది పైనుంచి. మూడు ముళ్ళ తీగ ఒకటి వేళ్ళకి వదులుగా తగిలింది. దానికి చోటు వెతికి బిగించాను. బడిపంతులమ్మగారి ఇల్లు గుర్తొచ్చింది. బిగించాక మూడుసార్లు తడిమి చూశాను. ఆమె మంచి కాలితో కిక్కు కొట్టింది, బండి లేచింది. పదిన్నరకి ఆసుపత్రిలో ఉన్నాం. ఫోనులో "అక్క బండి కింద పడుకుంది" అని చెప్పింది ఇదే. నన్ను బండి గుద్దలేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. ఆమెని అడగమని నువ్వు అనలేదు, నేనే అడిగాను. నామోషీ కాదు, కోపమూ కాదు. భయం. మొదటిరోజు నువ్వు వీధి చివర తిరుగుతుంటే వెనక లారీ వచ్చి హారను మీద హారను కొట్టిందట. నువ్వు తల తిప్పలేదు. గుమ్మంలో నిలబడి ఆమె అంతా చూసింది. లారీవాడు బండిని రాసుకుంటూ పక్కకి తప్పించుకుపోయాడు. నీకు ఆ సంగతే తెలియదు. ఆ రోజు నుంచీ నీతో చెప్పాలనే చూస్తోంది. మెల్లిగా చెబితే నీకు వినపడదు, గట్టిగా చెబితే తిట్టిందనుకుంటావు. "ఆయన ఇన్ని నెలలు కష్టపడి నాకోసం చేశాడు. నువ్వు నడపొద్దు అని ఏ నోటితో అనను" అంది. అంటూ కళ్ళు తుడుచుకుంది.

రంపం మిషను పక్కన ఇరవై ఏళ్ళు నిలబడ్డావు. ఫోనులో ఎవరూ నోట్లో బట్ట పెట్టుకోవడం లేదు చిన్నోడా. నా మరదలు గొణగడమూ లేదు, నీ భార్య చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. ఎనిమిది నెలలు నా చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదకి ఊరుకుంటే ఏమయ్యేదో నాకు తెలిసింది. నాకు చెప్పడానికి నువ్వు మూడు ఉత్తరాలు చించావు. నేను ఒక్కటీ చించకుండా రాస్తున్నాను. నీకు వినపడటం లేదు.

ఈ ఆసుపత్రి ఎదురుగానే చెవుల డాక్టరు ఉన్నాడు. ఇరవయ్యో తేదీ పది గంటలకి నిన్ను చూడమని రాయించాను. కోపం వస్తే వచ్చాక పోట్లాడు, ఇద్దరం ఇక్కడే ఉంటాం. బస్సులో రా. బండి మా దగ్గరుంది, ఇవ్వం.

అక్క